తరగతిలో ర్యాంకు - కళాశాలలో చోటు

(పాఠశాల వార్షికోత్సవమునాడు తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయుడు చేసిన ప్రసంగము)



నేటి విషయము నేను ఎన్నుకొన్నది కాదు. ఈ సంవత్సరము త్రైమాసిక పరీక్షల పిమ్మట ఇచ్చిన ప్రోగ్రెసు కార్డులలో 'ర్యాంకు' అను గడి లేకపోవుట మీరందరును చూచియుందురు. దానిని చూచి ఒక తండ్రి నా గదికి వచ్చెను. "అయ్యవారూ, మా బావమరిది అమెరికాలో డల్లాసు ప్రక్కన ఉన్నాడు. అక్కడ కాలేజీలో చేర్చుకొనవలెనన్న పిల్లవాడు తరగతిలో ఎన్నవవాడో అడుగుదురట. మీరు ఉన్న ర్యాంకును కూడ తీసివేసితిరి. రేపు మావానికి సీటు ఎట్లు వచ్చును?" అని అడిగెను.

ఆయన కోపముతో అడుగలేదు, భయముతో అడిగెను. ఆనాడు నేనిచ్చిన సమాధానము సరియైనది కాదు. ర్యాంకులు పిల్లల మనస్సునకు మంచివి కావని ఏవో రెండు ముక్కలు చెప్పి పంపివేసితిని. ఆయన అడిగినది మనస్సును గూర్చి కాదు, సీటును గూర్చి. ఆయన ప్రశ్నకు జవాబు నేను బాకీ ఉన్నాను. ఆ బాకీని మీ అందరియెదుట తీర్చుకొందును.

మొదట ఆ బావమరిది మాట. అది అబద్ధము కాదు. డల్లాసు నగరము టెక్సాస్ రాష్ట్రములోనిది. ఆ రాష్ట్రమున జాతిని బట్టి కళాశాల ప్రవేశములు చేయరాదని 1996లో అక్కడి న్యాయస్థానము తీర్పు చెప్పగా, 1997లో వారు ఒక చట్టము చేసిరి. ఆ చట్టము ప్రకారము ప్రతి ఉన్నతపాఠశాలలోను పై తరగతి పిల్లలలో మొదటి పదింట ఒక వంతువారికి రాష్ట్ర విశ్వవిద్యాలయములలో తప్పక చోటు ఈయవలెను. పట్టణములో ధనికుల పేటయందలి పాఠశాలయైనను సరే, ప్రత్తి పండు పల్లెయందలి పాఠశాలయైనను సరే, నియమము ఒక్కటే. పల్లెబడిలో మొదటివాడు నగరపు బడిలో మొదటివానితో సమానుడు. మన కరిసల్ సీమవారికి ఇది వినసొంపుగానే ఉండును. కాని క్రమముగా ఆస్టిన్ నగరమందలి పెద్ద విశ్వవిద్యాలయములో చోటు చాలకపోయెను. 2009లో చట్టమును సవరించి, ఆ ఒక్క విశ్వవిద్యాలయమునకు మాత్రము ఆ పదవ వంతు హద్దును తగ్గించుకొనుటకు వీలు కల్పించిరి. నేడు అక్కడ నూటికి పదిమంది కాదు, అయిదారుగురికే ఆ హక్కు దక్కుచున్నది. కావున టెక్సాస్ లో నున్న తెలుగు తల్లిదండ్రులు తరగతి ర్యాంకును గూర్చి నిద్రమానుకొనుటకు కారణము కలదు. అక్కడ అది చట్టములో ఉన్నది.

మన చట్టములలో అది లేదు. ఈ మాటను నేను గట్టిగా చెప్పదలచితిని. తమిళనాట ఇంజనీరింగు కళాశాలకు గాని, వైద్య కళాశాలకు గాని, ప్రభుత్వ కళాశాలలో బి.ఏ., బి.యస్.సి.లకు గాని పెట్టు దరఖాస్తును చూడుడు. పుట్టిన తేది అడుగుదురు, వర్గము అడుగుదురు, పరీక్ష సంఖ్య అడుగుదురు. 'నీవు నీ తరగతిలో ఎన్నవవాడవు' అని ఎక్కడను అడుగరు. ఒట్టపిడారము తాలూకాలోని ఒక బడిలో ఇరువదిముగ్గురు పిల్లలలో ఎవడు మొదటివాడో తెలిసికొనవలసిన అవసరము చెన్నపట్టణములోని ఏ అధికారికిని లేదు.

ఇక్కడ మాట ఒక్కటే యగుటవలన చిక్కు వచ్చుచున్నది. ప్రవేశముల కాలమున 'ర్యాంకు జాబితా' ప్రకటింపబడినదని పత్రికలలో చదువుచున్నాము. అది రాష్ట్రమంతటి దరఖాస్తుదారులను వరుసలో నిలిపిన జాబితా. మా కార్డు మీది ర్యాంకు ఒక గదిలో కూర్చున్న పిల్లల వరుస. ఏటేట ప్లస్ టూ పరీక్ష వ్రాయువారు రాష్ట్రములో ఏడెనిమిది లక్షలమంది. పేరు ఒకటేయైనను ఈ రెండు ర్యాంకులకు చుట్టరికము లేదు. ఏల లేదో లెక్క వేసి చూపెదను. లెక్కల అయ్యవారిగా ఇరువదేండ్లు పనిచేసినవాడను గనుక నల్లబల్ల లేకుండ నాకు మాట సాగదు. ఓర్చుకొనుడు.

ప్లస్ టూలో ఆరు పత్రములు, 600 మార్కులు. తరగతి ర్యాంకు అనగా ఈ ఆరింటిని కూడి, ఎక్కువ వచ్చినవానిని ముందు నిలుపుట. ఒక బాలునికి భాషలో 97, ఆంగ్లములో 95, గణితములో 84, భౌతికశాస్త్రములో 86, రసాయనశాస్త్రములో 88, కంప్యూటరు శాస్త్రములో 96 వచ్చినవనుకొనుడు. మొత్తము 546. రెండవ బాలునికి భాషలో 78, ఆంగ్లములో 76, గణితములో 97, భౌతికశాస్త్రములో 94, రసాయనశాస్త్రములో 92, కంప్యూటరు శాస్త్రములో 90. మొత్తము 527. తరగతిలో మొదటివాడే ముందు. తండ్రి మిఠాయి పంచును. రెండవవాని తండ్రి ఇంటికి పోయి కొడుకును తిట్టును.

మన రాష్ట్రమున ఇంజనీరింగు ప్రవేశములకు 1984 మొదలు ఇరువదేండ్లకు పైగా ప్రత్యేకమైన ప్రవేశపరీక్ష ఉండెడిది. 2006 నాటి చట్టముతో అది పోయి, ప్లస్ టూ మార్కులే ఆధారమైనవి. ఆ మార్కులైనను అన్నియు కావు. గణితమును 100కు, భౌతికశాస్త్రమును 50కి, రసాయనశాస్త్రమును 50కి లెక్కించి, 200లకు ఒక సంఖ్య తీయుదురు. దీనినే 'కటాఫ్' అనుచున్నారు. భాషయు, ఆంగ్లమును, ఆరవ పత్రమును ఇందు చేరవు. ఇప్పుడు లెక్క వేయుడు. మొదటి బాలునికి 84, 43, 44, వెరసి 171. రెండవ బాలునికి 97, 47, 46, వెరసి 190. అర మార్కు తేడాలో వందలకొలది పిల్లలు నిలుచు జాబితాలో తిట్లు తిన్నవాడు పందొమ్మిది మార్కులు ముందున్నాడు.

అట్లని మొదటి బాలుడు తక్కువవాడని అర్థము కాదు. అతనికి భాషలయందు ప్రజ్ఞ ఉన్నది. ప్రభుత్వ కళాశాలలలో సాహిత్యపు బి.ఏ. తరగతులకు భాష మార్కునే ముఖ్యముగా చూచి జాబితా వేయుదురు. మిగిలిన బి.ఏ., బి.యస్.సి., బి.కాం. తరగతులకు రెండు భాషలను విడిచి, తక్కిన నాలుగు పత్రములను 400లకు లెక్కింతురు. అనగా ఒకే బాలుడు ఒక జాబితాలో ముందుండును, మరియొక జాబితాలో వెనుకబడును. ఆరింటిని ఒక్క గంపలో పోసి తూచిన మా ర్యాంకు ఇందులో ఏ ఒక్కదానిని మీకు తెలుపజాలదు.

ఇద్దరికి కటాఫ్ సమానమైనచో నేమి చేయుదురని మొన్న ఒక తల్లి అడిగెను. మొదట గణితపు మార్కు చూతురు, పిమ్మట భౌతికశాస్త్రపు మార్కు. అటుపై వరుసగా మరికొన్ని మెట్లున్నవి. ఆ మెట్లలో పుట్టిన తేది ఒకటి. వయస్సులో పెద్దవానికి ముందు చోటు! అదియు సమానమైనచో కంప్యూటరు ఇచ్చిన యాదృచ్ఛిక సంఖ్యయే గతి. బడిలో చేర్చునపుడు పిల్లవాని వయస్సు ఒక యేడు తగ్గించి వ్రాయించుకొను అలవాటు మన పల్లెలలో వెనుకటినుండియు ఉన్నది. ముందుముందు ఉద్యోగములో ఒక యేడు కలసివచ్చునని పెద్దల యోచన. ఆ ఒక యేడే ఇక్కడ మనవానిని వెనుకకు నెట్టవచ్చును. నవ్వుకొనుడు గాని, తేదిని మాత్రము ఉన్నదున్నట్లు వ్రాయింపుడు.

వైద్యవిద్యకు వేరు త్రోవ. 2017 మొదలు మన రాష్ట్రములోను నీట్ పరీక్ష మార్కే ప్రమాణము. ప్లస్ టూ మార్కు అర్హతకు మాత్రమే. ఐ.ఐ.టి.లకు, ఎన్.ఐ.టి.లకు జె.ఇ.ఇ. పరీక్ష ర్యాంకు ముఖ్యము. దానికి తోడు ప్లస్ టూలో నూటికి 75 మార్కులైనను రావలెను, లేదా తన బోర్డు పరీక్షలో పై ఇరువది శాతము వారిలోనైనను ఉండవలెను. చూచితిరా, మన దేశములో టెక్సాస్ చట్టమునకు దగ్గరి చుట్టమిది. ఇదియు వరుసను చూచునదే. అయినను ఆ వరుస తరగతిది కాదు, బోర్డు అంతటిది. సోదర తెలుగు రాష్ట్రములలో ఇంజనీరింగు ప్రవేశమునకు ఎంసెట్టు పరీక్షకు 75 పాళ్ళు, ఇంటర్మీడియట్ మార్కులకు 25 పాళ్ళు ఇచ్చు పద్ధతి వచ్చినది. తెలంగాణమువారు 2023లో ఆ 25 పాళ్ళను వదలివేసిరి. ఢిల్లీ విశ్వవిద్యాలయములో 2021లో కొన్ని కళాశాలలు కొన్ని తరగతులకు నూటికి నూరు మార్కులు అడిగెను. మరుసటి యేడే, 2022లో, కేంద్ర విశ్వవిద్యాలయములకు ఉమ్మడి ప్రవేశపరీక్ష వచ్చి ఆ పద్ధతి మారిపోయెను. కొలబద్దలు ఇట్లు మారుచుండును గాని, వీనిలో ఏ ఒక్కటియు తరగతి ర్యాంకును అడుగలేదు.

ఇంకొక మాట. పూర్వము ప్లస్ టూ ఫలితములు వచ్చిననాడు రాష్ట్రములో మొదటివారు, రెండవవారు, మూడవవారు అని పత్రికలలో ఛాయాచిత్రములు వచ్చెడివి. 2017లో తమిళనాడు ప్రభుత్వమే ఆ ప్రకటనను మానివేసినది. ఎనిమిది లక్షలమందిలో మొదటివాడెవడో ప్రభుత్వము చెప్పుట మానుకొనగా, ఇరువదిముగ్గురిలో మొదటివాడెవడో నేను ఎర్రసిరాతో వ్రాయుచుంటిని.

ఆ ఎర్రసిరాను గూర్చియే ఇప్పుడు చెప్పవలసియున్నది. ఇది సుమారు ఇరువదేండ్ల నాటి మాట. అప్పుడు నేను వేరొక ఊరిలో తరగతి ఉపాధ్యాయుడను. ఆ యేడు నా పదియవ తరగతి పిల్లలు చురుకైనవారు. అందొక బాలిక. నెమ్మది, చేవ్రాత ముత్యములవంటిది. చివరి పరీక్షకు ముందు జరిగిన పరీక్షలో ఆమెకు 500లకు 371 వచ్చినవి. మరియొక యేడైనచో ఆ మార్కులకు మూడవదో నాలుగవదో అయియుండును. ఆ యేడు పదునొకండవదయ్యెను. నేను కార్డు మీద 11 అని వ్రాసి, సున్న చుట్టి, సంతకము చేసి పంపితిని. పబ్లిక్ పరీక్షలోను ఆమెకు ఇంచుమించు అవే మార్కులు వచ్చినవి.

జూన్ నెలలో ఆమె ప్లస్ వన్ లో చేరలేదని తెలిసి ఇంటికి పోతిని. ఆమె అప్పటికే అక్కతోపాటు అగ్గిపెట్టెల పనికి పోవుచుండెను. తండ్రి మంచివాడు, నన్ను కూర్చుండబెట్టి మజ్జిగ ఇప్పించెను. "చదువు వచ్చిన పిల్లలు ముందర పదిమంది ఉన్నారు గదా అయ్యవారూ, మా పిల్ల వాళ్ళ తరువాతిది. అంత ఖర్చు పెట్టి పంపి ప్రయోజనమేమి?" అనెను. 371 మార్కులు మంచి మార్కులని, కామర్సు గ్రూపు తప్పక దొరకునని, అటు పిమ్మట కోవిల్పట్టిలో జి. వెంకటస్వామి నాయుడు కళాశాల గాని, తూత్తుకుడిలో వ. ఉ. చిదంబరం కళాశాల గాని ఉన్నవని ఎంతయో చెప్పితిని. ఆయన లోపలికి పోయి, కార్డు తెచ్చి, నా చేవ్రాతనే నాకు చూపెను. మార్కులు నల్లసిరాలో చిన్నవిగా ఉన్నవి. సున్న చుట్టిన 11 ఎర్రగా, పెద్దదిగా ఉన్నది. అక్షరజ్ఞానము అంతంతమాత్రమైన ఆ తండ్రికి కార్డు మీద తెలిసిన సంఖ్య అది యొక్కటే.

ఆమె మరల బడికి రాలేదు. ఏ కళాశాలయు ఆ 11ను అడుగలేదు. అడిగినది ఒక్క తండ్రి, వ్రాసినవాడను నేను. సీటునకు ర్యాంకు ఎంత అవసరమని ఎవరైన నన్ను అడిగినపుడు, సీటు ఇచ్చువారికి అక్కరలేదు గాని, సీటు అడుగకుండ చేయుటకు అది చాలునని నాకు తోచును.

మొదటి ర్యాంకువారికి మాత్రము మేలే గదా అని మీరనవచ్చును. పంతొమ్మిదిమంది ఉన్న తరగతిలో అయిదేండ్లు విడువక మొదటివాడైన ఒక బాలుడు పట్టణములోని పెద్ద బడిలో ప్లస్ వన్ లో చేరెను. మొదటి పరీక్షలో నలువదవవాడయ్యెను. బుద్ధి తగ్గలేదు, గది పెద్దదయ్యెను, అంతే. ఆ సంగతి వానికి చెప్పినవారు లేరు. జ్వరమని ఇంటికి వచ్చి, దసరా సెలవులవరకు తిరిగి పోలేదు. పిమ్మట కుదుటపడి చక్కగా చదివెననుకొనుడు.

ఇక మన సంఘమునకు ప్రత్యేకమైన సంగతి. ర్యాంకును కాపాడుకొనుటకై తెలుగును విడిపింపుమని కొందరు తల్లిదండ్రులు కోరుచున్నారు. 2006 నాటి తమిళ అభ్యసన చట్టము తరువాత పదియవ తరగతి పరీక్షలో తమిళము తప్పనిసరి భాషగా వచ్చినది. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు న్యాయస్థానముల ఉత్తరువులవలన కొన్ని యేండ్లు మినహాయింపులు దొరికినవి. ఈ కలతలో 'తెలుగు గంట వృథా' అను మాట పుట్టినది. నేను తమిళమునకు విరోధిని కాను. వ. ఉ. చిదంబరం పిళ్ళె పుట్టిన ఊరిలో, భారతి పుట్టిన ఎట్టయాపురమునకు పొరుగున బ్రతుకుచు తమిళము రాకపోవుట సిగ్గు. కాని లెక్కను లెక్కగా చూడుడు. ఇంజనీరింగు కటాఫులో ఏ భాష మార్కును చేరదు. నీట్ లో చేరదు. తెలుగును మానినందువలన ఆ జాబితాలలో మీ బిడ్డ ఒక్క మెట్టు ఎక్కడు. ఎక్కునది మా కార్డు మీది ర్యాంకులో మాత్రమే. ఆ గడి ఇప్పుడు లేదు గనుక ఆ తగవును తీరినది.

మన ప్రక్క ఇడైసెవల్ గ్రామమువారు కి. రాజనారాయణన్ గారు ఇంట తెలుగు మాటలాడుచు, ఉన్నతపాఠశాల చదువైనను ముగింపక, తమిళములో కథలు వ్రాసి 1991లో సాహిత్య అకాడెమీ బహుమానము పొందిరి. పుదుచ్చేరి విశ్వవిద్యాలయము వారిని పిలిచి ఆచార్యస్థానమునిచ్చెను. వారిని చూపి చదువక్కరలేదని చెప్పువారున్నారు. అది పొరపాటు. అట్టివారు నూరేండ్లకొకరు. ఇంటి భాష వారికి అడ్డు రాలేదనుటవరకే నేను వారిని సాక్ష్యమునకు పిలిచితిని.

నిజముగా అడ్డు వచ్చునది వేరొకటి కలదు. నీట్, జె.ఇ.ఇ. మెయిన్ పరీక్షలు తెలుగులోను ఉన్నవి. అయితే తెలుగు ప్రశ్నపత్రము ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రముల కేంద్రములలోనే ఇచ్చెదరు. మనవాడు మధురలోనో తిరునెల్వేలిలోనో వ్రాసినచో ఆంగ్లమో తమిళమో ఎన్నుకొనవలెను. కనుక తెలుగులో నేర్చిన శాస్త్రపదములకు ఆంగ్లపదములను ఎనిమిదవ తరగతినుండియే ప్రక్కప్రక్కనే నేర్పుచున్నాము. దీనిని గూర్చి మమ్ము నిలదీసి అడుగుడు. ర్యాంకును గూర్చి అడిగినదానికంటె అది మీకు ఉపయోగించును.

మరియొక సంగతి చెప్పుట మన సంఘమునకు నష్టము. అయినను దాచుట అన్యాయము. ఆరవ తరగతి మొదలు ప్లస్ టూ వరకు ప్రభుత్వ పాఠశాలలోనే చదివినవారికి వైద్యవిద్యలో నూటికి 7.5 స్థానములు 2020 చట్టము ప్రకారము ప్రత్యేకింపబడినవి. 2021లో ఇంజనీరింగు మొదలైనవానికిని అది వర్తించినది. మనది ప్రభుత్వ సహాయము పొందు పాఠశాలయే గాని ప్రభుత్వ పాఠశాల కాదు. మన పిల్లలకు ఆ వాటా లేదు. వైద్యవిద్యయే గురియైనవారు ఆరవ తరగతిలో చేర్చుటకు ముందే ఈ సంగతి ఆలోచించుకొనవలెను. ఇది విని ఇద్దరు ముగ్గురు బిడ్డలను మార్చుకొన్నను నేను తప్పు పట్టను. కార్యవర్గమువారు నన్ను తప్పు పట్టినచో పట్టుదురు గాక.

మనకు కలసివచ్చునవియు ఉన్నవి. కుటుంబములో మొదటి పట్టభద్రుడు కాబోవు పిల్లవానికి ప్రభుత్వ కౌన్సెలింగు ద్వారా చేరినచో బోధనారుసుములో రాయితీ 2010 మొదలు ఉన్నది. దానికి తాలూకా కార్యాలయమునుండి ధ్రువపత్రము కావలెను. వర్గ ధ్రువపత్రము లేనిదే ప్రత్యేక స్థానములలో లెక్కకు రారు. మన రాష్ట్రములో ఆ స్థానములు నూటికి 69. ఫలితములు వచ్చిన వారములో పరుగెత్తినచో ఆ కాగితములు దొరకవు. పోయిన వేసవిలో మంచి కటాఫ్ ఉన్న ఒక బాలుడు కాగితము చేతికి రాక ఎంత తిరిగెనో ఇక్కడ కూర్చున్నవారిలో కొందరికి తెలియును.

అర్ధసంవత్సర పరీక్షల తరువాత వచ్చు రెండు శనివారములు మధ్యాహ్నము నేను పాఠశాల వరండాలో కూర్చుందును. పదియవ తరగతివారు మార్కుల కాగితము తెచ్చినచో ఏ గ్రూపునకు ఏ మార్కు పనికివచ్చునో చూచి చెప్పుదును. మన బడిలో చదివి ఇప్పుడు బయట ప్లస్ టూలో ఉన్నవారును రావచ్చును. కటాఫ్ లెక్క వేసి కాగితము మీద వ్రాసి ఇచ్చెదను. ర్యాంకు కావలెనని పట్టుపట్టు తండ్రులును రావచ్చును. అడిగినచో అదియు చెప్పుదును, దాచను. కాని ముందు మార్కులన్నియు ఒక్కొక్కటిగా చదివి వినిపించి, ఆ తరువాతనే చెప్పుదును. నల్లసిరాతో.